పిడికిలి రొట్టె

గోరువెచ్చన అంటే ఎంత వెచ్చన
అని జునైరా అడిగింది.
నాకు కొలత తెలీదు.
చిటికెన వేలు ముంచి చూపించాను:
వేలు అబ్బా అనకూడదు, ఆహా అనకూడదు,
ఊరుకోవాలి. అంత.
ముగ్గురూ వరసగా వేళ్లు ముంచారు.
నీళ్లు చల్లారిపోయాయి.
మళ్లీ కాచాను.

వారాసిగూడలో మూడో అంతస్తు వంటిల్లు,
ఇద్దరు నిలబడితే ఫ్రిజ్ తలుపు తెరుచుకోదు.
మా లాస్య, పక్కింటి జునైరా,
కింద వాచ్‌మన్ గదిలోంచి
చెప్పులు మెట్ల మీదే విడిచి వచ్చిన అంజిలప్ప.
వాళ్లది మక్తల్ దగ్గర పల్లె.
"మా అమ్మ జొన్నరొట్టెకు ఇంత సేపు చెయ్యది.
తడ్తది, ఏస్తది, అయిపాయె" అన్నాడు.
నా దగ్గర జవాబు లేదు.

ఈస్టు నురగ కట్టింది.
"ఇది బతికే ఉందా?" లాస్య.
ఉంది అన్నాను.
"మరి ఓవెన్‌లో పెడితే?"
మైదా జల్లించడంలో మునిగిపోయాను.

పిసికారు. మోచేతుల దాకా, కనుబొమల దాకా.
జునైరా ముద్దను బండకేసి కొట్టినప్పుడల్లా
రెండో అంతస్తు మాణిక్యమ్మగారు
చీపురు కర్రతో కప్పును పొడిచారు.
కాసేపు వాళ్లిద్దరూ అలా మాట్లాడుకున్నారు.

తడిబట్ట కప్పి గంట ఆగాలన్నాను.
ఏడేళ్ల వయసులో గంటంటే
బొల్లారం దాకా నడిచినంత పొడుగు.
ఆరుసార్లు బట్ట ఎత్తారు.
ఏడోసారికి ముద్ద
గిన్నె అంచున గడ్డం ఆనించి
వీళ్లనే చూస్తోంది.

పిండి కొద్దీ రొట్టె అంటారు గానీ
చేతుల కొద్దీ కూడా.
లాస్య బల్లిని చేసింది, తెగిన తోక పక్కనే విడిగా.
జునైరాది నీళ్ల ట్యాంకరు,
ఎండు ద్రాక్షలు చక్రాలు.
అంజిలప్ప ఏమీ చెయ్యలేదు.
తన వాటా పిడికిట్లో బిగించి
అట్లాగే నిలబడ్డాడు.
చివరికి ట్రేలో పెట్టింది
నాలుగు వేళ్ల లోయలున్న, కాస్త మసిబారిన ముద్ద.

అప్పుడు పోయింది కరెంటు.
ఓవెన్‌లో ఎర్రకడ్డీలు ఒక్కోటే కళ్లు మూశాయి.
లాస్య పెదవి వణికింది.
"సాబేర్ చిచ్చా భట్టీకి కరెంటెందుకు?"
అంది జునైరా.

ట్రే నా నెత్తిన, మీద చున్నీ,
వెనక ముగ్గురు.
ఇస్త్రీ బండి యాదయ్య
"ఏందక్కా, ఆషాఢం రాకముందే బోనమా?" అన్నాడు.
"బోనం కాదు, బన్నులు!" అరిచారు పిల్లలు,
గల్లీ మొత్తానికి.

సాబేర్ భాయ్ చెమట తుడుచుకుని చూశాడు.
"యే క్యా?"
"ఛిప్‌కలీ."
రోజూ బల్లులనే కాల్చేవాడిలా తలూపాడు.
పిడికిలి ముద్ద దగ్గర మాత్రం ఆగి
ఆ లోయల్లో తన వేళ్లు పెట్టి చూశాడు.
పట్టలేదు.
"అంచుకు పెడితే మాడుద్ది, దీన్ని మధ్యల పెడ్త."
నిలువెత్తు కర్ర పార లోపలికి వెళ్లింది.
అక్కడ రెండొందల పావులు
స్కూలు ప్రార్థనలో నిలబడ్డట్టు వరసగా.
వాటి నడుమకి
ఒక బల్లి, ఒక ట్యాంకరు, ఒక పిడికిలి.

బల్లి ఉబ్బి ఉడుమైంది.
ట్యాంకరు చక్రాలు బొగ్గయ్యాయి.
ఎంతివ్వమంటావు భాయ్ అంటే
ఉడుము కాలొకటి విరిచి
చాయ్‌లో ముంచుకున్నాడు.

అంజిలప్ప తనది తినలేదు.
పాత పేపర్లో చుట్టుకుని,
ఈ చేతికీ ఆ చేతికీ మార్చుకుంటూ,
ఊదుకుంటూ,
మెట్లు కడుగుతున్న వాళ్లమ్మ దగ్గర ఆగాడు.
"ఏందిరా ఇది?"
"రొట్టె."
"గిట్లుంటదా? ఎవలు తట్టిన్రు?"
"ఎవలు తట్టలే.
నేను పట్టుకున్న."

ఆమె తడిచెయ్యి చీరకు తుడుచుకుంది.
నేను పక్కనుంచి పైకి వెళ్లిపోయాను.
కరెంటు ఎప్పుడొచ్చిందో,
స్విచ్ ఆపడం మరిచిన ఓవెను
ఖాళీ కడుపుతో
ఎర్రగా కాలుతోంది.